సరోజ పిన్ని మింగిన కొంగ

కప్పలు వినిపించాయి. నా జీవితంలో నేను మొట్టమొదటిసారి ప్రమాదాన్ని పసిగట్టిన క్షణం అదే. నాలుగైదు వందల మంది చాపల మీద, గోనెపట్టాల మీద, ట్రాక్టరు తొట్టిలో, బోర్లించిన చేపల పెట్టెల మీద కూర్చున్న చోట, పైగా మైకు పనిచేస్తున్న చోట, కొల్లేటి కప్పల అరుపు అంత స్పష్టంగా వినిపించిందంటే మనుషులు ఏవో పనులు మానేశారన్నమాట. వేరుశనక్కాయలు ఒలవడం మానేశారు. పిల్లల్ని కసరడం మానేశారు. దగ్గడం కూడా మానేశారు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. స్టేజీ పక్కన మా ట్రంకుపెట్టె మీద కూర్చుని, కాళ్లూపుకుంటూ, ఎవరో పెట్టిన బెల్లం జీడి చప్పరిస్తున్నాను. స్టేజీ మీద మా అమ్మ భుజాన తంబురాతో, సగం తెరిచిన నోటితో ఆగిపోయింది. ఎడమపక్క జయమ్మగారి చెయ్యి గుమ్మెట మీదే బిగుసుకుపోయింది. కుడిపక్క మా సరోజ పిన్ని మాత్రం ఇంకా నవ్వుతూనే ఉంది. ఆవిడ అప్పుడే ఒక పెద్దమనిషిని పేరు పెట్టి పొగిడింది. పొగిడితే చప్పట్లు రావాలి. అవి దారిలో ఉన్నాయనుకుంటోంది. ఆ పేరు చీటీ మీద రాసిచ్చింది నేను. జీడి నా పళ్లకి అతుక్కుపోయింది.

ఇన్నేళ్ల తర్వాత ఇది రాయడానికి ఒక వర్క్‌షాపు, ఒక ఫోను కారణం. రాత్రి మా ఆయన, పిల్లలు నిద్రపోయాక మొదలుపెట్టాను. చిన్నవాడి ముక్కు కింద వేలు పెట్టి ఊపిరి ఆడుతోందో లేదో రెండుసార్లు చూసొచ్చాను. ఫ్యాను ఊడి పడుతుందేమోనని పెద్దదాని మంచం మొన్ననే గోడవైపు జరిపించాను. ఇప్పుడు గోడమీది బల్లి పడుతుందేమోనని భయం. పగలు బడిలో సోషల్ చెబుతాను, సెలవుల్లో బుర్రకథ చెబుతాను, రాత్రిళ్లు భయపడతాను. మూడింట్లో మూడోదే నాకు బాగా వచ్చు.

వర్క్‌షాపు ఏలూరులో ఒక హోటలు మేడమీద జరిగింది. అంశం: కళాకారులకు నెట్‌వర్కింగ్. చెప్పడానికి వచ్చిన కుర్రాడికి చెంప పక్కన మైకు, ముఖం నిండా మా మీద జాలి. ముప్పై సెకన్లలో ఎవరిని వారు పరిచయం చేసుకోమన్నాడు. హరికథ చెప్పే పెద్దాయనకి ఉత్తరీయం సర్దుకోవడానికే ముప్పై సెకన్లు చాలలేదు. కూచిపూడి టీచరుగారు తన గురువుగారి గురువుగారి దగ్గర మొదలుపెట్టి, తన దాకా రాకుండానే గంట కొట్టించుకున్నారు. నా వంతు వచ్చినప్పుడు, బుర్రకథండి, ముగ్గురం వస్తాం, మైకు మీరే పెట్టుకోవాలి అని కూర్చున్నాను. తొమ్మిది సెకన్లు. అతను అందరిచేతా చప్పట్లు కొట్టించాడు. ఆ తర్వాత మేమంతా లేచి ఒకరి ఫోను మీదికి ఒకరు ఫోను వంచి నంబర్లు పట్టుకున్నాం. ప్రోగ్రాము ఇవ్వగలిగినవాడు ఆ గదిలో ఒక్కడూ లేడు. ముప్పై మంది ఆకలిగా ఉన్నవాళ్లు ఒకరింటి అడ్రసు ఒకరు రాసుకున్నట్టుంది. టీ మాత్రం బాగుంది.

పరిచయాలు మర్చిపోకుండా ఒకచోట రాసుకుంటున్నారా అని ఆ అబ్బాయి అడిగినప్పుడే నాకు అమ్మ నోటుపుస్తకం గుర్తొచ్చింది. మా అమ్మని కథ రత్నంగారు అనేవారు. ఆడవాళ్ల బుర్రకథ దళంలో ఆవిడ కథకురాలు, అంటే మధ్యలో నిలబడి కథ నడిపే మనిషి. జయమ్మగారు ఒక వంత, అంటే పక్కన గుమ్మెట వాయిస్తూ తందాన అనే మనిషి. ఊళ్లో సంగతులు, రాజకీయాలు మాట్లాడేవారు. రెండో వంత, అంటే హాస్యం, మా అమ్మ సొంత చెల్లెలు సరోజ పిన్ని. బాబాయి తాడేపల్లిగూడెంలో, అంటే మేమనే గూడెంలో, గుమాస్తా. ఆయన అక్కడ గదిలో ఉండి ఆదివారాలు వచ్చేవాడు. పిన్ని మాత్రం ఏలూరులో మాతోనే ఉండేది. జయమ్మగారు పక్కవీధి. రోజూ పొద్దున్నే వచ్చేవారు. తెల్లారగట్ల మా ఇంట్లో కోడి కంటే ముందు అమ్మ గొంతు లేచేది. బుగ్గన కరక్కాయ ముక్క, నాలుక కింద రెండు మిరియాలు, చేతిలో పప్పుగరిటె. గిన్నె అంచు మీద తాళం వేస్తూ కథ వల్లించేది. కథలో యుద్ధం వచ్చిన రోజున పప్పు మాడేది. పెళ్లి వచ్చిన రోజున బాగా కుదిరేది. ఇంట్లో ఎప్పుడూ మూడు వాసనలు ఉండేవి: పెట్టెలో పట్టుచీరల మధ్య కలరా ఉండలు, ముఖాలకి పూసుకునే పౌడరు, పిన్ని కిళ్లీ. పిన్ని నోట్లో కిళ్లీ లేకుండా నేను చూసింది నిద్రలోనే. అప్పుడు కూడా బుగ్గ కాస్త ఉబ్బే ఉండేది.

అమ్మ నోటుపుస్తకం నాలుగు జిల్లాల జాతకం. ఊరి పేరు, ఉత్సవ కమిటీ పెద్ద పేరు, దాని కింద ఆవిడ సొంత పరిశోధన. "మోకాలు నొప్పి. ఎడమది. కుడిది అంటే కోపం." "కోడలికి ఏడో నెల. శ్రీరామనవమి ముందు వెళ్లి చూడాలి." "కాఫీలో పంచదార వేయరు. అడగొద్దు." "కుక్క. జయమ్మగారిని ముందు పంపాలి." ఆవిడ పద్ధతికి ఒకటే సూత్రం: ఎవరింటికీ పని అడగడానికి వెళ్లకూడదు. మోకాలు చూడటానికి వెళ్లాలి, మనవణ్ణి చూడటానికి వెళ్లాలి, దారిలో పోతూ మంచినీళ్ల కోసం ఆగాలి. కూర్చోవాలి, కాఫీ తాగాలి, పాడమంటే ఒక్క చరణం పాడాలి, రెండోది పాడకూడదు. లేచి గుమ్మం దాకా వచ్చాక, చెప్పుల్లో కాలు పెడుతుంటే, వెనక నుంచి ఆ ఇంటాయన అడగాలి: "ఏవండీ రత్నంగారూ, పదకొండో తారీఖున ఖాళీయేనాండీ?" అప్పుడు అమ్మ చెప్పులు విప్పకుండా, వెనక్కి పూర్తిగా తిరగకుండా, చూసి కబురు పెడతానండీ అనేది. మాకు ఆ నెలంతా ఖాళీయే అని ఆ వీధి కుక్కకి కూడా తెలుసు. అయినా బస్సెక్కేదాకా అమ్మ మొహంలో తీరికలేనితనం చెదిరేది కాదు.

గూడెం వెళ్లడం ఇందులో పెద్ద కార్యక్రమం. అక్కడ ఉల్లిపాయల హోల్‌సేలు వ్యాపారి మూర్తిగారని ఒకాయన ఉండేవారు. ఆయనకి కళల మీద మక్కువ ఉందో లేదో నాకు తెలియదు గానీ, ఆయన కొట్టుకి చుట్టుపక్కల ఊళ్ల పెద్దమనుషులంతా వచ్చేవారు. సంతర్పణకి ఉల్లిపాయలు కావాలని ఎవరైనా వస్తే, ఏమిటండీ విశేషం అని అడిగేవారు. విశేషం ఉన్న చోట వినోదం ఉండాలి కదండీ అనేవారు. అలా ఉల్లిపాయల బస్తాతోపాటు మమ్మల్ని కూడా ఎత్తించేసేవారు. మేం ఆయన అరుగు మీద గంటలకొద్దీ కూర్చునేవాళ్లం. ఎండలో ఉల్లిపాయల ఘాటు, తడిసిన గోనెల వాసన. అమ్మ కళ్లు తుడుచుకుంటూ ఆయన భార్య ఆరోగ్యం గురించి అడిగితే, అమ్మ నిజంగానే బాధపడుతోందని ఆయన కరిగిపోయేవారు. పిన్ని పక్కనుంచి, "అక్కా, ఇంకో బస్తా విప్పించు, రెండు ప్రోగ్రాములు రాలతాయి" అని గొణిగేది. నేను ఫక్కున నవ్వితే అమ్మ నా తొడ గిల్లేది. పిన్నిని గిల్లేది కాదు. గిల్లితే దానికీ ఒక జోకు వేస్తుందని భయం.

ఇక చీటీల సంగతి. కథ మధ్యలో హాస్యం చెప్పే మనిషి ఆ ఊరి కమిటీ పెద్దని కథలోకి లాగి పొగడాలి. రాజుగారి ఏనుగు గురించి చెబుతుంటే, ఈ ఊరి ఫలానా గారి బుల్లెట్టు కంటే గొప్పదా అక్కా అని అడగాలి. ఆయన ముందు వరసలో మీసం దువ్వుకుంటాడు, జనం ఈల వేస్తారు, మరుసటేడు మళ్లీ పిలుస్తారు. పిన్నికి నవ్వించడం వచ్చు, ఏడిపించడం వచ్చు, పేర్లు మాత్రం గుర్తుండవు. నన్నే మూడు పేర్లతో పిలిచి మూడోదానికి దొరకబుచ్చుకునేది. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని, నోటుపుస్తకం చూసి చీటీ రాసే పని అమ్మ నాకు అప్పగించింది. పిన్ని ఆ చీటీని గుమ్మెట తాడుకి దోపుకుని, వాయిస్తూ కిందికి ఓరచూపు చూసి చదివేది.

ఆ వారం కొల్లేట్లో వరసగా రెండు రోజులు రెండు ఊళ్లు. పేర్లు రాయను. రెండు ఊళ్లలోనూ ఇప్పుడు నా నంబరు ఉన్నవాళ్లున్నారు, నెట్‌వర్కింగ్ అంటే ఇదే కదా. అటు ఊరు, ఇటు ఊరు అనుకుందాం. మొదటి రోజు అటు ఊరు, అక్కడ కమిటీ పెద్ద సూర్యనారాయణగారు. రెండో రోజు ఇటు ఊరు, అక్కడ రాఘవయ్యగారు. ఈ రెండు ఊళ్లకీ చేపల చెరువు గట్ల దగ్గర ఆ ఏడు పెద్ద తగాదా. రాఘవయ్యగారు వేయించిన గట్టు వల్ల తమకి నీళ్లు రావడం లేదని అటు ఊరివాళ్లు, వస్తే తమ చేపలు పోతాయని ఇటు ఊరివాళ్లు. ఇదంతా నోటుపుస్తకంలో అమ్మ ఎర్ర సిరాతో రాసింది. చీటీ పైన ఊరి పేరు రాయమని నాకు పదిసార్లు చెప్పింది. నేను రాయలేదు. ఊరి పేరుకి బదులు బొమ్మ వేశాను. ఒకదాని మీద చేప, ఒకదాని మీద కొంగ. చాలా తెలివైన పని చేశాననుకున్నాను. చేప ఏ ఊరిదో, కొంగ ఏ ఊరిదో బస్సు దిగేదాకా నాకు గుర్తుంది. బస్సు దిగాక పడవ ఎక్కించారు. పడవ ఎక్కితే నిజం కొంగలు కనిపించాయి. అంతే.

స్టేజీ ఎక్కేముందు పిన్ని చెయ్యి చాపింది. నేను కొంగ పెట్టాను.

కథలో రాజుగారు యుద్ధానికి బయల్దేరుతున్నారు. అమ్మ ఆయన కోట గోడల గురించి వర్ణిస్తోంది. పిన్ని గుమ్మెట మీద ఒక దెబ్బ వేసి, "అక్కా, కోట గోడ కోట గోడ అని ఊరికే ఊదరగొట్టకు. మన రాఘవయ్యగారు వేయించిన గట్టు ముందు నీ రాజుగారి గోడ ఎంత?" అంది. ఆ పేరుకి ఆ ఊళ్లో ఆ గట్టు తప్ప వేరే అర్థం లేదు. పాపం, ఆ గట్టు గొప్పదని నోటుపుస్తకంలో ఇటు ఊరి పేజీలో రాసుంటే, పొగడ్తకి పనికొస్తుందని అది కూడా చీటీలో చేర్చింది నేనే.

అప్పుడే కప్పలు వినిపించాయి.

ముందు వరసలో సూర్యనారాయణగారు భుజం మీది తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. ఆయన తువ్వాలు తీశారంటే ఏమిటో నాకు తెలియదు గానీ, తెలిసినవాళ్లు వెనక వరసల్లో లేచి నిలబడ్డారు. పిన్ని చీటీ వంక చూసింది, నా వంక చూసింది. ఆ చూపులో కోపం లేదు. లెక్క తప్పిన పిల్లని చూసే మాస్టారి చూపు కూడా కాదు. ముద్దలో రాయి తగిలినప్పుడు మనిషి ఒక్క క్షణం ఆగి, బయటికి ఉమ్మాలా, మింగాలా అని ఆలోచిస్తాడు చూడండి, అలా ఆగింది. చీటీని తాడు నుంచి లాగి, కిళ్లీ సర్దుకుంటున్నట్టు నోట్లో పెట్టేసుకుంది. నమిలింది. నములుతూనే, "ఏం బాబూ అలా చూస్తారు? యుద్ధానికి వెళ్లేముందు శత్రువుని పొగడొద్దూ? గొప్పోణ్ణి గెలిస్తే కదండీ గొప్ప. బక్కోడి మీద గెలిచి సూర్యనారాయణగారు ఏం చేసుకుంటారు?" అంది.

సగం మంది నవ్వారు. సూర్యనారాయణగారి పొట్ట కదిలింది, నేను చూశాను. కానీ మిగతా సగం అప్పటికే లేచి నిలబడ్డారు. లేచినవాళ్లు ఏదో ఒకటి చేయకుండా కూర్చోలేరు. ఒక చెప్పు గాల్లో వచ్చి సరిగ్గా పిన్ని గుమ్మెట మీద పడి ధన్‌మంది. తాళం మాత్రం తప్పలేదు. అప్పుడు మా అమ్మ మైకు దగ్గరికి జరిగి, మా విద్యలో తరతరాలుగా ఉన్న పని చేసింది. బుర్రకథలో ఏ పొరపాటు జరిగినా హాస్యం మీదికి తోసెయ్యాలి. కథకురాలు పేరు మర్చిపోతే హాస్యం గుర్తు చేయలేదని, జయమ్మగారు తాళం తప్పితే హాస్యం నవ్వించిందని. దానికి ఆవిడ ఒప్పుకుని ఇంకో జోకు వేయాలి. జనానికీ ఈ సంగతి తెలుసు, అందుకే క్షమిస్తారు. "హాస్యం నోటికి కట్టు ఉండదు బాబూ, మా మొహం చూసి మన్నించండి" అంది అమ్మ. కమిటీవాళ్లు పిన్ని దిగితేనే కథ సాగుతుందన్నారు. అమ్మ పిన్ని వైపు చూడకుండా, "దిగు సరోజా" అంది.

పిన్ని దిగొచ్చి ట్రంకుపెట్టె మీద నా పక్కన కూర్చుంది. పైన అమ్మ ఒక్క వంతతోనే కథ లాక్కొస్తోంది, ఒంటెద్దు బండిలా. నేను ఏడవలేదు, జీడి అడ్డొచ్చింది. పిన్ని ఇంకా నములుతూనే ఉంది. చివరికి గుటక వేసి, నా జడ సవరిస్తూ అంది: "చేతిరాత బావుంటుంది గానీ, రుచి లేదే అమ్మాయ్."

అంతే. ఆవిడ నన్ను ఇంకేమీ అనలేదు, అప్పుడూ, ఆ తర్వాతా. ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. కొల్లేటి చుట్టూ మాట పడవ కంటే ముందు చేరుతుంది. మరునాడు ఇటు ఊళ్లో రాఘవయ్యగారు కూడా, శత్రువు అన్నారట గదండీ, అని మమ్మల్ని గుమ్మంలోంచే పంపేశారు. నెల తిరక్కుండా గూడెం మూర్తిగారు, ఆ చెల్లెలుగారు లేకుండా అయితే నేను మాట్లాడగలనండీ అని కబురుపెట్టారు. అమ్మ వేరే హాస్యాన్ని పెట్టుకుంది. పిన్ని తన గుమ్మెట మా ట్రంకుపెట్టెలోనే వదిలేసి, చీరలు మూటగట్టుకుని గూడెంలో బాబాయి గదికి వెళ్లిపోయింది. వెళ్తూ మా వీధివాళ్లందరినీ అనుకరించి నవ్వించి మరీ రిక్షా ఎక్కింది. ఆ తర్వాత అక్కచెల్లెళ్లిద్దరూ పెళ్లిళ్లలో ఎదురుపడితే బాగున్నావా అంటే బాగున్నావా అనుకున్నారు. బాబాయి పోయినప్పుడు వెళ్లింది అమ్మ. కూర్చోలేదు. నా పెళ్లికి పిన్ని వచ్చి అక్షింతలు వేసి, భోజనం చేయకుండా వెళ్లిపోయింది. నా పిల్లలు ఆవిడని చూడనే లేదు.

చూడలేదు గానీ, రోజూ వింటున్నారు. మూర్తిగారి కొడుకులు ఉల్లిపాయల ఆటోలు తిప్పడం మొదలుపెట్టినప్పుడు మైకులో పెట్టడానికి ఒక గొంతు కావలసి వచ్చింది. పాత అపరాధభావమో, పక్కవీధి సౌకర్యమో, మూర్తిగారు పిన్నిని కూర్చోబెట్టి రికార్డు చేయించారు. ఇప్పుడు ఏలూరులో మా వీధిలోకి పొద్దున్న ఏడుముప్పావుకి ఆ ఆటో వస్తుంది. "ఉల్లిపాయలండీ ఉల్లిపాయలు, గూడెం ఉల్లిపాయలు. కోస్తే మీరేడుస్తారు, కొనకపోతే నేనేడుస్తాను." దెందులూరులో వినపడుతుంది, జంగారెడ్డిగూడెంలో వినపడుతుందని అక్కడి మా టీచర్లు చెప్పారు. ఒక్క మోకాలూ పరామర్శించకుండా, ఒక్క చేతినీ కలపకుండా, ఈ చుట్టుపక్కల మనందరి కంటే ఎక్కువ ఇళ్లలోకి ఆవిడే వెళ్తోంది. మా పిల్లలు ఆ మాటని ఆవిడ సాగదీసినట్టే సాగదీసి అంటారు. అన్నం తినకపోతే నేనేడుస్తాను అని నన్నే ఆటపట్టిస్తారు. నేను తప్పు అని కసురుతాను, ఎందుకు తప్పో చెప్పను. ఆ ఆటో వచ్చిన ప్రతిసారీ దిగి ఒక కిలో కొంటాను. మా వంటింట్లో మూడు బుట్టల ఉల్లిపాయలు మొలకలేస్తుంటాయి. మనమేమైనా హోటలు పెడుతున్నామా అని మా ఆయన అడిగితే, రేటు పెరుగుతుందటండీ అని చెబుతాను. పెరగకపోయినా.

ఇప్పుడు ఫోను సంగతి. వర్క్‌షాపు అయిన వారానికి, కొల్లేటి అటు ఊరి నుంచి ఒక కుర్రాడు చేశాడు. అమ్మవారి తీర్థానికి బుర్రకథ కావాలట, నా వీడియో ఎవరో పంపారట. మర్యాదగా మాట్లాడాడు. నేను అమ్మలాగే, చూసి చెబుతానండీ అన్నాను. పెట్టేస్తాడనుకుంటుంటే అడిగాడు. "మేడమ్, మా తాతగారు సూర్యనారాయణగారని. ఎప్పుడో మా ఊళ్లో కథ చెప్పినావిడ, శత్రువుని పొగిడితే గానీ యుద్ధం కుదరదు అన్నారటండీ. తాతగారు ఇప్పటికీ గట్టు గొడవ వచ్చినప్పుడల్లా ఆ మాట చెప్పుకుని నవ్వుతారు. ఆ హాస్యం ఆవిడ ఎక్కడున్నారో మీకేమైనా తెలుసాండీ? ఆవిడ వస్తారంటే ఆయన్ని కుర్చీలో మోసుకొస్తాం."

కథ నడిపిన రత్నంగారు అక్కడ ఎవరికీ గుర్తులేరు. నోటుపుస్తకం నిండా అందరి మోకాళ్లూ రాసుకున్న మనిషి గుర్తులేదు. చెప్పుదెబ్బ తిని దిగిపోయిన మనిషి గుర్తుంది. మా దళంలో హాస్యం చెప్పే అమ్మాయికి మొన్ననే బ్యాంకు ఉద్యోగం వచ్చింది, ఆ చోటు ఖాళీగానే ఉంది. పిన్నిని పిలవడానికి ఇంతకంటే మంచి సాకు దొరకదు. కానీ సాకుతో వెళ్లి, పని మాట్లాడుకుని, కాఫీ తాగి వస్తే, కొంగ సంగతి మళ్లీ ఆవిడ కడుపులోనే ఉండిపోతుంది. పైగా నేను ఆవిణ్ణి ఒకసారి స్టేజీ దింపి, నాకు అవసరమైనప్పుడు ఎక్కించినట్టవుతుంది.

నిన్న సాయంత్రం అమ్మ ఇంటికి వెళ్లి అటకెక్కి ఆ నోటుపుస్తకం దించాను. ఎలకలు అంచులు కొట్టాయి గానీ మోకాళ్లు, కోడళ్లు అన్నీ భద్రంగా ఉన్నాయి. కొల్లేటి పేజీ తీస్తే గుండుసూది తుప్పు మరక. దాని కింద నలిగిన చీటీ. పైన చేప బొమ్మ, కింద గుండ్రటి అక్షరాలతో సూర్యనారాయణగారు. నా జామెట్రీ బాక్సులో పెట్టుకుని, తర్వాత ఎంత వెతికినా కనిపించని చీటీ అది.

అమ్మ పెరటి గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. చీటీ ఆవిడ ముందు పెట్టాను. కళ్లజోడు పెట్టుకోకుండానే చూసింది, అంటే చూడాల్సిన పని లేదన్నమాట.

"నీకు తెలుసా అమ్మా?"

"మర్నాడు ఇంటికొచ్చాక నీ పుస్తకాలు సర్దుతుంటే దొరికింది" అంది. రెండు కాయలు ఒలిచాక మళ్లీ అంది: "తప్పొస్తే హాస్యం మీద వేస్తాం. అది మా పద్ధతి. హాస్యం నా చెల్లెలని స్టేజీ దిగాక గుర్తొచ్చింది."

మరి ఆ మాట చెప్పడానికి ఎందుకు వెళ్లలేదని అడిగాను. నాలుగు జిల్లాల్లో కనిపించిన మోకాలినల్లా పరామర్శించిన మనిషివి, గూడెం గంట దూరం కదా అన్నాను. కాస్త వెటకారంగానే అన్నాను, నోరు పిన్నిది వచ్చింది నాకు. అమ్మకి కోపం రాలేదు.

"ఏదో ఒక పని పెట్టుకుని వెళ్దామనుకునేదాన్ని. పని లేకుండా ఒకళ్లింటికి ఎలా వెళ్లాలో నాకు తెలీదే."

ఆవిడ ఒలిచిన చిక్కుడుకాయలు నా సంచిలో వేసింది. నేను వస్తుంటే గుమ్మం దాకా వచ్చింది. చెప్పుల్లో కాలు పెడుతుంటే, పాత పద్ధతిలోనే, వెనక నుంచి అంది: "దానికి పొగాకు తగ్గించమని చెప్పు." ఎవరికి, ఎక్కడ చెప్పాలో అనలేదు.

రాత్రంతా భయాలు లెక్కపెట్టుకున్నాను. పిన్ని తలుపు తీయదేమో. తీసి, ఏ ఊరండీ మనది అంటుందేమో. అన్నింటికంటే పెద్ద భయం, ఆవిడ అసలు ఏమీ జరగనట్టు నవ్వించి పంపేస్తుందేమోనని. నా తరం నెట్‌వర్కింగ్‌లో సారీ చెప్పడానికి ఫోనులో ఒక బొమ్మ ఉంది, చేతులు జోడించి ఉంటుంది, నొక్కితే వెళ్లిపోతుంది. అమ్మ తరంలో దానికి ఒక మోకాలు కావాలి. రెండూ లేకుండా ఖాళీ చేతులతో ఒక గుమ్మం ముందు నిలబడటం మా ఇద్దరికీ ఎవరూ నేర్పలేదు. అటు ఊరి కుర్రాడికి మాత్రం ఒక మెసేజ్ పెట్టాను: ఆవిడ ఉన్నారండీ, రావడం రాకపోవడం ఆవిడ ఇష్టం, నేను అడగను.

పొద్దున్న ఏడుముప్పావుకి ఆటో వచ్చింది. టిఫిను బాక్సులు కట్టడం ఆపి పిల్లలిద్దర్నీ చెరో చెయ్యి పట్టుకుని గేటు దగ్గరికి తీసుకెళ్లాను. కోస్తే మీరేడుస్తారు, అంది మైకు. కొనకపోతే నేనేడుస్తాను, అన్నాడు మా చిన్నవాడు, అలవాటుగా, నా మొహం చూసి నాలుక కరుచుకుంటూ. ఈసారి కసరలేదు. ఆ గొంతు మీ చిన్నమ్మమ్మదిరా అని చెప్పాను. నేను మీ అక్కంత ఉన్నప్పుడు ఒక తప్పు చేస్తే, నన్ను ఎవరూ ఏమీ అనకుండా ఆవిడ ఒక కొంగని మింగేసిందని చెప్పాను.

"ఈకలతోనా?" అన్నాడు చిన్నవాడు.

"బతికున్నదా?" అంది పెద్దది. దానికి ఇలాంటివి ముందు తేలాలి.

కాగితం కొంగ అని చెప్పాను. నేనే గీశానని, ఆవిడకి తప్పు చీటీ ఇచ్చింది నేనేనని, ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదని చెప్పాను. ఇవాళ బడి లేదు, గూడెం వెళ్తున్నాం అన్నాను. ఏం పని మీద అని అడిగింది పెద్దది, అచ్చం వాళ్ల అమ్మమ్మలా. ఏ పనీ లేదు, ఏమీ అడగడానికి కాదు, ఒక మాట చెప్పి రావడానికి అన్నాను. ఆటో మలుపు తిరిగింది, గొంతు పక్కవీధిలోకి వెళ్లిపోయింది. ఇద్దరి భుజాల మీదా చేతులు వేసి, స్టేజీ ఎక్కేముందు చెప్పినట్టు చెప్పాను:

"ఒక్కటి గుర్తుపెట్టుకోండి. నేను మొదలుపెట్టగానే ఆవిడ ఏదో ఒకటి అని మనల్ని నవ్విస్తుంది. బాగా నవ్విస్తుంది. నేను చెప్పడం పూర్తయ్యేదాకా మీరు మాత్రం నవ్వకూడదు."